పైలట్ తప్పిన పరీక్షలు ఎవరెవరికి తెలియాలి?

మా పెరియప్పా కొడుకు అమెరికాలో పైలట్ శిక్షణలో ఉన్నాడు. పోయిన దీపావళికి ఫోన్ చేసి, "చెక్‌రైడ్ పోయింది, ఇంట్లో చెప్పకు" అన్నాడు. చెక్‌రైడ్ అంటే లైసెన్సు పరీక్ష. పరీక్షకుడు ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతాడు, తర్వాత పక్క సీట్లో కూర్చుని విమానం నడిపించి చూస్తాడు. తప్పితే చేతిలో ఒక కాగితం పెడతారు. పైలట్లు దాన్ని పింక్ స్లిప్ అంటారు. తప్పిన భాగం మళ్ళీ నేర్చుకుని, నేర్పినవాళ్ళ సంతకంతో 60 రోజుల్లోపు వెళ్తే ఆ భాగం వరకే మళ్ళీ పరీక్ష.

మన అరియర్ లాంటిదే కదా అని ఓదార్చబోయాను. "నీ అరియర్ డిగ్రీతో పోతుంది. నాది నాకు 99 ఏళ్ళు వచ్చేదాకా ఉంటుంది" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, అది నిజంగానే అక్కడి నిబంధన. పైలట్ చనిపోయేవరకు, లేదా 99 ఏళ్ళు నిండేవరకు ఆ రికార్డు ఉంచుతారు.

మొదట నాకు కోపం వచ్చింది. ప్లస్ వన్‌లో నా లెక్కల మార్కులు క్లాసులో గట్టిగా చదివినప్పుడు ఎలా ఉండిందో నాకింకా గుర్తుంది. ఒకరు తప్పిన పరీక్షని జన్మంతా దాచిపెట్టడం ఏం న్యాయం? కానీ ఆ నిబంధన ఎందుకు వచ్చిందో చదివాక, అంత సులభంగా కోపం తెచ్చుకోలేకపోయాను.

2009 ఫిబ్రవరి 12 రాత్రి. కోల్గన్ ఎయిర్ అనే చిన్న సంస్థ నడిపే విమానం న్యూవార్క్ నుంచి బఫలో వెళ్తోంది. దిగబోయే ముందు వేగం బాగా తగ్గిపోయింది. అప్పుడు పైలట్ చేతిలోని కంట్రోలు దడదడా వణుకుతుంది, "జాగ్రత్త, పడిపోతావ్" అని హెచ్చరిక అన్నమాట. ముక్కు కిందికి దించి వేగం పెంచాలి. కెప్టెన్ వెనక్కి లాగాడు. విమానం ఒక ఇంటి మీద పడింది. విమానంలో ఉన్న 49 మందీ, ఆ ఇంట్లో ఒకరూ చనిపోయారు.

విచారణలో తేలిన సంగతి ఇది. ఆ కెప్టెన్ ఉద్యోగంలో చేరకముందు మూడు చెక్‌రైడ్‌లు తప్పాడు. దరఖాస్తులో ఒక్కటే చెప్పాడు. మిగతా రెండూ కంపెనీకి తెలియవు.

ఎందుకు తెలియలేదంటే, 1996లో చేసిన చట్టం ప్రకారం అప్పట్లో కొత్త కంపెనీ పాత కంపెనీల నుంచి అయిదేళ్ళ రికార్డులు తెప్పించుకోవాల్సి ఉండేది. ఆ చట్టం కూడా ప్రమాదాల తర్వాత వచ్చిందే. 1994లో నార్త్ కెరొలినాలో 15 మంది చనిపోయిన ప్రమాదంలో, పైలట్ పాత కంపెనీలో ఎలా పనిచేశాడో కొత్త కంపెనీ అడిగి తెలుసుకోలేదు. అయితే ప్రభుత్వం దగ్గర ఉండే పింక్ స్లిప్పులు ఆ చట్టంలోకి రాలేదు. అవి వ్యక్తిగత సమాచారం, పైలట్ సంతకం పెట్టి అనుమతిస్తేనే ఇస్తారు. కంపెనీ అడగలేదు, అతను చెప్పలేదు.

చనిపోయినవాళ్ళ కుటుంబాలు ఊరుకోలేదు. వాళ్ళ పోరాటం వల్ల 2010లో చట్టం వచ్చింది, పైలట్ల రికార్డులన్నీ ఒకేచోట ఉండాలని. కానీ దాని తుది నిబంధనలు వచ్చింది 2021లో. పదకొండేళ్ళు! ఈ మధ్యలో 2019లో హ్యూస్టన్ దగ్గర అట్లాస్ ఎయిర్ సరుకుల విమానం పడి ముగ్గురు చనిపోయారు. అందులోనూ కో పైలట్ పాత శిక్షణలో తప్పిన సంగతులు దాచిపెట్టాడు. ఈ ఆలస్యం కూడా ఒక కారణమని విచారణ సంస్థ రాసింది.

అయితే అన్నీ బయట పెట్టేస్తే సరిపోతుందా? అదీ కాదు. అమెరికాలోనే నాసా 1976 నుంచి ఇంకో పని చేస్తోంది. పైలట్లు తాము చేసిన పొరపాట్లు తామే రాసి పంపితే, పేర్లు తీసేసి భద్రపరుస్తుంది. పేరు ఉంటే ఎవరూ రాయరు కదా. అంటే ఒకే దేశంలో, ఒకే ఉద్యోగంలో, కొన్ని తప్పులు పేరుతో సహా దాచిపెడతారు, కొన్ని పేరు లేకుండానే. ఇది నాకు చాలా నచ్చింది. పొరపాటు నుంచి అందరూ నేర్చుకోవడానికి పేరు అక్కర్లేదు. ఫలానా మనిషికి విమానం అప్పగించాలా వద్దా అన్నప్పుడు పేరు లేకుండా కుదరదు.

99 ఏళ్ళ రికార్డు కూడా నేను భయపడినట్టు నోటీసు బోర్డు కాదు. పైలట్ అనుమతి ఇవ్వాలి, అప్పుడే ఉద్యోగం ఇచ్చే కంపెనీ చూడగలదు. చూసినవాళ్ళు దాన్ని ఇంకో పనికి వాడకూడదు. పైలట్ తన రికార్డు తాను చూసుకోవచ్చు, తప్పుంటే దిద్దమని అడగొచ్చు. నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. జీవితాంతం ఉండే మచ్చ అని తెలిస్తే, మెత్తని మనసున్న పరీక్షకుడు "తప్పాడు" అని రాయడానికి చెయ్యి వెనక్కి తీసుకోడా? ఒక్కసారి తప్పినవాడికీ, ప్రతిసారీ అదే చోట తప్పేవాడికీ తేడా చూసే ఓపిక కంపెనీకి ఉంటుందా? అన్నని అడిగితే, "ఇంటర్వ్యూలో మనమే ముందు చెప్పేయాలట, దాచితేనే ఉద్యోగం పోతుందని మా సార్ చెప్పారు" అన్నాడు.

రెండోసారి పాసయ్యాడు. ఇది రాసేముందు అతని అనుమతి అడిగాను. "నా పేరు వేయకు, మిగతాది రాసుకో" అన్నాడు. పెరియమ్మకి ఇంకా తెలీదు. ఆవిడకి తమిళం తప్ప తెలుగు చదవడం రాదు కాబట్టి ఈ గోడ మీద ఉన్నా ఫరవాలేదు.