చీకటివేళ దింపిన చెత్త

యాదగిరిగుట్టకు పోవు యాత్రికులు కొండమీది గోపురములను కన్నులార చూచి వత్తురే గాని కొండక్రింది ఖాళీస్థలములను చూడరు. వానిని నిత్యము చూచువారు అచటి యిల్లాండ్రు. హైదరాబాదునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్న యీ క్షేత్రమున, పునర్నిర్మితమైన ప్రధానాలయము 2022 మార్చి 28వ తేదీని భక్తులకు తెఱవబడెను. అంతకుముందునుండియే వరంగల్లు బాట కిరుప్రక్కలను, గుట్ట చుట్టుపట్లను పొలములు ప్లాట్లుగా మాఱుచు వచ్చినవి. హద్దురాళ్లు ఇచ్చట, స్వంతదారులు పట్టణములలో. యజమాని కన్ను పడని నేలకు చెత్త తనంతట తానే త్రోవ తెలిసికొనును. చీకటివేళ ఒక ట్రాక్టరు వచ్చి, కూల్చిన యింటి యిటుకముక్కలను, సున్నపు పెల్లలను దింపి పోవును. నాలుగు దినములకు దానిపై ఎంగిలి విస్తళ్లు పడును. పిమ్మట పగిలిన సీసాలు, చినిగిన పఱుపులు. "ఇచ్చట ఇదివఱకే యున్నది గదా" యనునదే రెండవవాని సమాధానము.

ఇట్టి కుప్పప్రక్కగా ముక్కు మూసికొని పోవు స్త్రీలు ఆ సంగతి అధికారులకేల తెలుపరు? "పొరుగువారిపై చాడి చెప్పినట్లగునేమో, రేపు బోరింగుకడ ముఖముఖములు చూచుకొనవలదా" యను సంకోచమే ముఖ్యకారణమని మేము తలంచుచున్నాము. ఈ సంకోచము మంచిగుణమునుండి పుట్టినదే గనుక దానిని మేము పరిహసింపము. కాని పొరుగింటి గుట్టు వీధి కెక్కించుట వేఱు, వీధిలో పడినదానిని గూర్చి వీధివారు మాటలాడుట వేఱు. పాత టైరులోను, కొబ్బరిచిప్పలోను నిలిచిన వాననీటియందు డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ గ్రుడ్లు పెట్టును. వారము పది దినములలో అవి రెక్కలు వచ్చిన దోమలగును. లెక్కకు మిక్కిలిగా కొబ్బరికాయలు కొట్టు పుణ్యక్షేత్రమున నీ మాట ప్రత్యేకముగా తలపవలసినది. ప్లాస్టిక్ సంచిలో ముడివేసి విసరిన అన్నమును ఆవు సంచితోగూడ మ్రింగును. పైగా ఇది ఱాతినేల. వాననీరు ఇంకుట తక్కువ, జాఱుట ఎక్కువ. మిట్టమీది మాలిన్యము పల్లమందలి కుంటకో చెఱువునకో చేరక మానదు.

అయితే తెలుపుటయందు న్యాయము తప్పరాదు. అనుమానము వేఱు, కంటితో చూచుట వేఱు. అర్జీలో చూచినది మాత్రమే వ్రాయవలయును: ఏ తేదీ, ఏ గంట, ఏ వీధి చివర, ఏ గుర్తుకడ, ఏ విధమైన వస్తువు, ఎన్ని బండ్లు, బండి నెంబరు కనబడెనేని అది. ఫలానివారే యయి యుందురని ఊహించి పేరు వ్రాయకూడదు. కుప్పప్రక్కన గుడిసె యున్నంతమాత్రమున ఆ గుడిసెవారు నేరస్థులు కారు. చెత్త నేరుకొని బ్రదుకువారిపై నింద వేయుట మిక్కిలి సులభము. వారు కాగితమును, సీసాలను తీసికొనిపోయి కుప్పను తగ్గించువారని మఱవరాదు. రాత్రివేళ ట్రాక్టరు కడ్డముగా నిలిచి జగడమాడుట గాని, కుప్పలో చేయిపెట్టి యానవాళ్లు వెదకుట గాని వలదు. అందు గాజుపెంకులుండును, ఆసుపత్రి సూదులుండును. ఇంటి వసారాలోనుండి ఫోనుతో తీసిన ఛాయాచిత్రము చాలును.

ఇంకొక సంగతి. ట్రాక్టరు తోలువాడు కూలివాడు. "ఎక్కడనో దింపి రమ్ము" అని పంపినవా డింకొకడు. ఇంగ్లండులో ఇట్లు దొంగతనముగా చెత్త దింపిన సందర్భములు ఏటా పదిలక్షలకు పైగా స్థానిక సంఘముల లెక్కకు వచ్చుచున్నవి. అచట అనుమతిలేని బండివానికి చెత్త నప్పగించిన గృహస్థునికిని జరిమానా కలదు. ఇది మాకు మిగుల న్యాయముగా తోచుచున్నది. ఇల్లు బాగుచేయించుకొను సోదరీమణులు మేస్త్రీని ముందుగానే అడుగవలయును, ఈ మట్టి యెచ్చటికి పోవునని.

అర్జీ ఎవరికీయవలెనను ప్రశ్నకు జవాబు కష్టము కాదు. పట్టణమున పురపాలక సంఘమునకు, పల్లెలో గ్రామపంచాయతీ కార్యదర్శికి. అచట పని కానిచో భువనగిరి కలెక్టరు కార్యాలయమున సోమవారము జరుగు ప్రజావాణిలో ఈయవచ్చును. వీధులలోను, మురుగుకాలువలలోను, చెఱువులలోను చెత్త వేయరాదని 2016లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములలో స్పష్టముగా నుండెను. ప్రజాబాధకమైన దానిని తొలగింపుమని ఉత్తరువు చేయుటకు మేజిస్ట్రేటునకు వెనుకటి శిక్షాస్మృతి ప్రక్రియలో 133వ సెక్షను క్రింద అధికార ముండెడిది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో అదియే 152వ సెక్షనై యున్నది.

ఆ 133వ సెక్షను ఎంత బలమైనదో మధ్యప్రదేశమందలి రత్లాము పట్టణపు వీధివారు చూపిరి. తెఱచియున్న మురుగుకాలువల కంపును, సారా కర్మాగారపు మురికినీటిని భరింపజాలక వారు మేజిస్ట్రేటును ఆశ్రయించిరి. ఆయన కాలువలు బాగుచేయుమని ఉత్తరువిచ్చెను. పురపాలక సంఘము సమ్మతింపక పై కోర్టులకెక్కి, కడకు సుప్రీంకోర్టు వఱకు పోయినది. ధనము లేదనుట దాని ముఖ్యమైన వాదము. 1980లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరుగారు, ధనము లేదనుట ప్రజారోగ్యధర్మమును తప్పించుకొనుటకు సాకు కాజాలదని తీర్పు చెప్పిరి. ఆ వీధివారు గొప్పవారు కారు, పొరుగు పొరుగువారే.

మన తెలంగాణములోనే పటాన్‌చెరు ప్రాంతమున కర్మాగారముల విషజలములు నక్కవాగులో పడి పంటలను చెఱచినప్పుడు, ఆ వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టునకు పోయెను. అచటి వైద్యులు అల్లాని కిషన్‌రావుగారు ఆ పోరాటములో ముందు నిలిచిరి. రాత్రివేళ ట్యాంకరు వచ్చి కాలువలో నేదో విడుచుచుండగా చూచినవారు మాత్రము తెల్లవారువఱకు ఆగరాదు. దగ్గఱకు పోకయే వెంటనే పోలీసులకు తెలుపవలయును. 2022 జనవరి 6వ తేదీని సూరతుకడ సచిన్ పారిశ్రామిక వాటికలో ట్యాంకరునుండి రసాయనమును కాలువలోనికి విడువగా విషవాయువు పుట్టి ఆఱుగురు మరణించిరి. చచ్చినవారు ఆ పాపమునకు సంబంధింపని శ్రామికులు.

చెత్త తొలగించుటతో పని ముగియదు. ఊడ్చిన చోటనే మఱల వేయుట మనవారికి అలవాటు. హైదరాబాదులో నగరపాలకులు ఇట్టి చోట్లను శుభ్రపఱచి స్త్రీలచే ముగ్గులు వేయించిరి. ముగ్గుమీద చెత్త వేయుటకు కొందఱికైనను చేయాడదు. అందఱి విషయమున నట్లు కాదు గనుక, ప్లాటు యజమానికి తాఖీదు పంపి కంచె వేయింపవలయునని కూడ అర్జీలోనే కోరుట మంచిది. అర్జీకి నలుగురైదుగు రిండ్లవారు కలిసి చేవ్రాలు చేసిన, చాడి చెప్పితినను బాధ ఒక్కరిమీద పడదు. నకలుమీద కార్యాలయపు ముద్ర వేయించుకొని దాచుకొని, చెత్త తీసిన తేదీని దానిమీదనే వ్రాసి, వానకాలము పోవువఱకు వారమున కొకమాఱు ఆ చోటు చూచి వచ్చుచుండవలయును.