పాత బండి కొనేముందు

మా నాన్న మిల్లు గ్రాట్యుటీలో మిగిలింది కొంతే. దాంతో పాత ఫోర్‌వీల్ బొలెరో కొందామని షోలాపూరంతా తిరిగాను. అత్తగారి ఊరి దారి నల్లరేగడి. వానొస్తే ఆటో రాదు.

మొదటి బండి రంగు మెరిసింది. బయానా ఇవ్వబోతుంటే మా మెకానిక్ కిందికి దూరి, ఛాసిస్‌ను సుత్తితో కొట్టాడు. తుప్పు పెచ్చులు రాలాయి. నాన్న చెమటంతా అందులో పోయేదే!

రెండోదాన్ని బురదలో నడిపి, ఫోర్‌వీల్ లీవర్ పడుతోందా అని చూశాం. ఆర్‌సీలో బ్యాంకు అప్పు కనబడింది. బ్యాంకు నుంచి ఫారం 35 తెచ్చాకే పైసలిచ్చాను. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ మళ్లీ చేయించాలి, అదీ చూసుకోండి.

పెద్ద టైర్లు, ఇనుప బంపర్ కావాలన్నాడు మా అబ్బాయి. కంపెనీ ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చొద్దని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా పెద్ద టైరు వేస్తే స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. ఆ డబ్బు బ్రేకులకు, అదే సైజు కొత్త టైర్లకు పెట్టాం.

ఇంకొక మాట: ఎండిన తారురోడ్డు మీద ఫోర్‌వీల్ వేయకండి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే వేగంతో తిరగవు, గేర్లు బిగుసుకుంటాయి.

మొన్న వానలో అర్ధరాత్రి అత్తమ్మను దవాఖానకు చేర్చింది ఆ బండే. పొద్దున నాన్న ఏమీ అనలేదు. గుడ్డ తీసుకొని బురద తుడిచాడు.