బాంబు సంగతి ముందే చెప్పేశాడు!

గోపన్‌పల్లిలో ఓ టీకొట్టు. ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు అల్లం టీ తాగుతూ ఇంటి అద్దెల గురించి మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు ఢామ్మని పేలింది! సినిమా చూస్తున్నవాళ్లు ఉలిక్కిపడతారు. ఆ అదురు ఉండేది పదిహేను సెకన్లు. అలాకాక బాంబు పెట్టడం మనకు ముందే చూపించి, ఒంటిగంటకు పేలుతుందని చెప్పి, గోడగడియారంలో పావు తక్కువ ఒంటిగంట చూపిస్తే? కుర్రాళ్లు అవే అద్దెల కబుర్లు చెబుతుంటారు. మనకే 'ఒరేయ్, లేవండ్రా' అని అరవాలనిపిస్తుంది. పావుగంట సేపు!

టీకొట్టు మనదే కానీ లెక్క ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్‌ది. 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా త్రూఫో హాలీవుడ్ వెళ్లి, హెలెన్ స్కాట్ దుబాసీగా, వారంపాటు ఆయనతో సినిమా సినిమా గురించీ మాట్లాడించాడు. అప్పట్లో చాలామంది విమర్శకుల దృష్టిలో హిచ్‌కాక్ అంటే భయపెట్టి డబ్బు చేసుకునే పెద్దమనిషి, అంతే. 1966లో పుస్తకంగా వచ్చిన ఆ ముచ్చట్లు ఇప్పటికీ సినిమా విద్యార్థులకు పాఠాలే.

అందులో 'వెర్టిగో' (1958) సంగతి మరీ ఆసక్తికరం. మూలమైన నవలలో అసలు గుట్టు చివర్లోగానీ బయటపడదు. హిచ్‌కాక్ మాత్రం ఇంకా బోలెడు కథ ఉండగానే విప్పేశాడు. పక్కనున్నవాళ్లు వద్దన్నా వినలేదు. హీరో పోగొట్టుకున్న అమ్మాయి, ఇప్పుడు ఎదురుగా ఉన్న అమ్మాయి ఒకరేనని మనకు తెలుసు. (చూడనివాళ్లు నన్ను తిట్టుకోకండి, ముందే చెప్పింది ఆయనే!) అతనికి తెలీదు. తెలిస్తే ఏం చేస్తాడన్నదే మన గుబులు. విడుదలైనప్పుడు అంతంతమాత్రంగా ఆడిన ఈ సినిమాకే 2012లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకుల ఓటింగులో మొదటి స్థానం దక్కింది.

మన దగ్గర సస్పెన్స్ అంటే ఎక్కువగా 'హంతకుడెవరు?' అన్నదే. వంశీ 'అన్వేషణ' (1985) ఆ గుట్టును చివరిదాకా బిగపట్టింది. చంద్రశేఖర్ ఏలేటి 'అనుకోకుండా ఒక రోజు' (2005) జీవితంలోంచి ఓ రోజు మాయమైపోయిన అమ్మాయి కథ. మామూలు మనిషి నెత్తిన ఊహించని ఆపద పడటం అచ్చం హిచ్‌కాక్ పద్ధతే. కానీ ఆమెకు తెలియనిది మనకూ తెలీదు. రెండూ మంచి సినిమాలే. గుట్టు తెలిశాక మళ్లీ అదే ఉత్కంఠతో చూడగలమా అంటే, నేనైతే 'అన్వేషణ'ను ఇప్పుడు ఇళయరాజా కోసమే చూస్తాను.

గోపన్‌పల్లి, నల్లగండ్ల అపార్ట్‌మెంట్లవాళ్లకు బాగా దగ్గరయ్యేది 'రేర్ విండో' (1954). కాలు విరిగి కుర్చీకి అతుక్కుపోయిన ఫొటోగ్రాఫర్, కిటికీలోంచి ఎదురిళ్లలో ఏం జరుగుతోందో చూస్తుంటాడు. తప్పని తెలిసినా మనమూ అతనితోపాటు తొంగిచూస్తాం. చివర్లో అనుమానితుడు తలెత్తి నేరుగా ఈ కిటికీవైపే చూస్తాడు. ఆ క్షణాన మన చెయ్యి దానంతటదే కర్టెన్ కోసం వెతుకుతుంది.