తిరగేసిన లెన్స్

బతుకమ్మ పండుగ దగ్గరపడేసరికి బాన్సువాడ పక్కన నిజాంసాగర్ కాలువ గట్ల మీద గునుగు తెల్లగా విరగబూస్తుంది. "దగ్గరికి పోయేకొద్దీ ఫోటో ఎందుకు మసకబారుతది సార్?" అని క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. తప్పు పువ్వుది కాదు, లెన్స్ జరగగలిగే దూరానిది.

50 మిల్లీమీటర్ల లెన్స్ దూరపు గుట్ట బొమ్మను తన వెనక 50 మిల్లీమీటర్ల దగ్గర నిలుపుతుంది. వస్తువు దగ్గరయ్యేకొద్దీ బొమ్మ వెనక్కి పోతుంది. పువ్వు 100 మిల్లీమీటర్ల దూరానికొస్తే బొమ్మ కూడా 100 దగ్గర, అచ్చం పువ్వంత సైజులో పడుతుంది. అంటే లెన్స్‌ను ఇంకో 50 ముందుకు జరపాలి. మామూలు లెన్స్ మర అంత తిరగదు. అందుకే మధ్యలో గాజు లేని ఉత్త గొట్టం బిగిస్తారు. దానికి కట్టే సుంకం వెలుతురు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది, ఎఫ్/8 కాస్తా ఎఫ్/16లా పనిచేస్తుంది.

గొట్టం కన్నా నాకు ముద్దొచ్చేది రివర్సింగ్ రింగ్. లెన్స్ చేసేవాళ్లు ముందు పెద్ద లోకం, వెనక చిన్న బొమ్మ అన్న లెక్కతో గాజును దిద్దుతారు. బొమ్మ అసలుకన్నా పెద్దది కావాలంటే ఆ లెక్క తలకిందులవుతుంది, కాబట్టి లెన్స్‌నే తిరగేసి బిగిస్తే సరి! ఎస్సెల్లార్ కెమెరాలో అద్దం పైకి లేవడానికి చోటు కావాలి గనుక, ఏ లెన్సైనా తన బిగింపు నుంచి నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు వెనక బొమ్మ పడేలా కడతారు. తిరగేసినప్పుడు ఆ ఖాళీలోకి పువ్వు వస్తుంది. గుట్టల్ని చిన్నగా చూపే 28 మిల్లీమీటర్ల లెన్స్, తిరగబడితే పువ్వును దాదాపు రెట్టింపు చేస్తుంది. ఎపర్చర్ రింగున్న పాత లెన్సే దీనికి మేలు. కొత్తవాటికి ఎపర్చర్‌ను నడిపే విద్యుత్ సంబంధం కెమెరాతో తెగిపోతుంది.

1955లో లెన్సులు చేసే హైంజ్ కిల్‌ఫిట్, దగ్గరి ఫోటోల కోసమే కట్టిన మాక్రో-కిలార్‌తో ఈ తిప్పలన్నీ ఒకే లెన్స్‌లో తీర్చాడు. మరుసటి ఏడాదే నికాన్ మైక్రో-నిక్కోర్ తెచ్చింది. జపాన్ లిపిలోని చిక్కటి గీతలు మైక్రోఫిల్మ్ మీద చెదరకుండా పడటం దాని అసలు పని. పూలు తర్వాత వచ్చిన బేరం. తక్కినవాళ్లు మాక్రో అంటుంటే నికాన్ ఇప్పటికీ మైక్రో అనే అంటుంది.

గట్టు మీదికొద్దాం. అసలు సైజు బొమ్మలో ఎఫ్/8 దగ్గర పదునుగా వచ్చే లోతు ఒక మిల్లీమీటరే. సెంటీమీటరు లోపుండే విష్ణుక్రాంత నీలిపువ్వు బల్లపరుపు గనుక కెమెరా వీపును రేకులకు సమాంతరంగా పెడితే మొత్తం పదునుగా వస్తుంది. గునుగు కంకి గుండ్రం, ఏ పక్క కావాలో ముందే తేల్చుకోవాలి. ఫోకస్ రింగ్ తిప్పొద్దు, ఒళ్లే సన్నగా ముందుకూ వెనక్కీ ఊపి పదును కుదిరిన క్షణంలో నొక్కాలి. కాడ పక్కన ఒక పుల్ల పాతి దారంతో వదులుగా కట్టాలి. ఎండ ముదిరితే తెల్లటి పంచె అడ్డం పట్టించాలి. విష్ణుక్రాంతకైతే పొద్దున్నే పోవాలి, మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది.

ఆ మాక్రో లెన్సుల తర్వాత డిజిటల్ వచ్చింది, ఫోన్లలోనూ మాక్రో చేరింది. ఫోకస్ జరుపుతూ తీసిన చాలా ఫోటోల్ని కంప్యూటర్ ఒకటిగా కుడుతోంది. ఆ కుట్టు కుదరాలంటే పువ్వు కదలకూడదు. కాలువ గాలికి నేనైతే చిన్న ఫ్లాషూ, ఒకే ఒక్క ఫ్రేమూ చాలనుకుంటాను.