పాత విద్యుత్ గిటారు: గుణమెంత? వెలయెంత?

ఒంటిమిట్ట చుట్టుపట్ల కొండలలో పెరుగు ఎర్రచందనము తూర్పుకనుమల దక్షిణభాగమునకే పరిమితమైన వృక్షము. ఒకే లావు, ఒకే బరువు గల రెండు దుంగలలో ఒకదాని వెల రెండవదానికంటె ఎంతో హెచ్చుగా నుండవచ్చును. చేవలో అలలవంటి చారలుండుటయే ఇందుకు కారణము. అట్టి కొయ్యను జపానువారు షామిసెన్ అను తంత్రీవాద్యమునకు కోరి తెప్పించుకొనుచు వచ్చిరి. కొయ్యనారలు నిటారుగా గాక వంపులు తిరిగి పెరిగినచో, ఒక్కొక్క వంపు కాంతిని ఒక్కొక్క దిక్కునకు పరావర్తనము చేయును. అందుచే నునుపు చేసిన చెక్కను కదల్చినపుడు అలలు పారినట్లు తోచును.

ఇట్టి చారయే అమెరికాలోని గిబ్సన్ కంపెనీ 1958-60 మధ్య చేసిన కొన్ని లెస్ పాల్ గిటారుల మేపుల్ పలకపైన కూడ కలదు. అవి నేడు లక్షల డాలర్లకు అమ్ముడగుచున్నవి. చార స్ఫుటముగా నున్నచో వెల మరింత పెరుగును. అయితే చారవలన నాదము మెరుగగునా? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్నచో ఆ వాద్యము ధ్వనించు విధమును తెలిసికొనవలెను.

వీణలో తంత్రి కంపనము గుర్రము ద్వారా కుండకు చేరి, కుండయు దానిలోని గాలియు కంపించుటచే మనకు నాదము వినబడును. అందుచే వీణకు పనసకొయ్య నాణ్యము ముఖ్యము. లోపల బోలు లేని విద్యుత్ గిటారు పద్ధతి వేరు. తంత్రుల క్రింద అయస్కాంతములు, వాని చుట్టు వేల చుట్లుగా సన్నని రాగితీగ ఉండును. దీనినే పికప్ అందురు. ఉక్కుతంత్రి అయస్కాంతముచే తానును అయస్కాంతత్వము పొంది, కంపించునపుడు తీగచుట్టగుండా పోవు బలరేఖలను మార్చును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రము ననుసరించి తీగలో విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు పెంచునది ఈ విద్యుత్తునే. కావున నాదములో ప్రధానపాత్ర తంత్రిది, పికప్‌ది, పికప్ అమర్చిన చోటుది. కొయ్య పాత్ర వీనికంటె చాల చిన్నది. పలకపై చార కంటికే గాని చెవికి గాదు.

కావున గుణపరీక్ష మల్టీమీటరుతో మొదలుపెట్టవచ్చును. 1950 దశకపు ఫెండర్ స్ట్రాటోకాస్టర్ పికప్ నిరోధము సాధారణముగా 6,000 ఓముల ప్రాంతమున నుండును. అనంత నిరోధము చూపినచో తీగ తెగినదని అర్థము. ఇచట ఒక చిక్కు కలదు. రాగి నిరోధము ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీకి నూటికి సుమారు 0.39 వంతున పెరుగును. 20 డిగ్రీల వద్ద 6,000 ఓములున్న తీగచుట్ట, కడప జిల్లా వేసవిలో 40 డిగ్రీల వద్ద సుమారు 6,470 ఓములు చూపును. "దీనికి చుట్లెక్కువ, నాదమెక్కువ" అని అమ్మువాడు చెప్పినచో ముందుగా ఉష్ణమాపకమును చూడవలెను! విద్యార్థులు ఏ పాత రిలే తీగచుట్టతోనైనను ఈ లెక్కను సరిచూడవచ్చును.

తరువాత దండి. పండ్రెండవ మెట్టు తంత్రి నిడివిలో సరిగా సగమున నుండవలెను, 648 మి.మీ. తంత్రికి 324 మి.మీ. అచట నొక్కి మీటిన స్వరమును, నొక్కక తాకి మీటిన స్వరమును పోల్చవలెను. రెండును కలియనిచో గుర్రమును కొంచెము జరిపిన చాలును. అది దోషము గాదు. దండి మెలిదిరిగినచో మాత్రము సరిచేయుట కష్టము. కోస్తా తేమకు అలవడిన కొయ్య రాయలసీమ ఎండకు ముడుచుకొనినపుడు మెట్ల కొనలు అంచును దాటి వ్రేళ్ళకు గుచ్చుకొనును. ఇది కూడ సరిచేయదగినదే.

వెల నిర్ణయించు విధానము వేరు. బజారులో ముఖ్యముగా అడుగునది, పుట్టినప్పటి భాగములే ఉన్నవా అని. వాల్యూము మర ఉన్న నిరోధకముపై 1376633 అని అచ్చువేసియున్నదనుకొందము. 137 చేసిన కంపెనీ గుర్తు, 66 సంవత్సరము, 33 వారము. అనగా ఆ భాగము 1966 ఆగస్టు నాటిది. అది మొదటినుండి ఉన్నదే అయినచో గిటారు అంతకుముందుది కాజాలదు. తరువాతిది కావచ్చును, ఏలయన భాగములు నిల్వలో ఏండ్ల తరబడి పడియుండును. టంకము కదలినదేమో చూడనిదే ఆ అంకె సాక్ష్యము చెల్లదు. అతినీలలోహిత దీపము క్రింద పాత నైట్రోసెల్యులోజు వార్నిష్ ఆకుపచ్చ కలసిన పసుపుగా మెరయును. తరువాత రంగు పూసిన చోటు వేరుగా కనబడి మరమ్మతును బయటపెట్టును. 1965 జనవరిలో ఫెండర్ కంపెనీ సి.బి.ఎస్. వారి చేతికి పోయెను. అంతకు ముందటి గిటారులకు బజారులో ప్రత్యేక గౌరవము. యజమాని మారినంత మాత్రమున ఫారడే సూత్రము మారదు గదా!

గుణమును, వెలయును ఎదురెదురుగా కూడ నడువవచ్చును. పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ (1969-2014) విద్యుత్ మాండలిన్‌పై జంటలుగా నుండు ఎనిమిది తంత్రులను విడిచి, ఐదు ఒంటి తంత్రులను వాడెను. ఒంటి తంత్రిని ప్రక్కకు లాగి గమకము పలికించుట సులభము. ఆంప్లిఫయరుచే నాదము చాలసేపు నిలుచును. పాత వాద్యముల వర్తకుని లెక్కలో ఇట్టి మార్పు వెలను తగ్గించును. కర్ణాటక సంగీతమున కదియే గుణము తెచ్చెను.

ఇంటిలో పాత గిటారు ఉన్నవారు వన్నె తగ్గినదని కొత్త రంగు వేయించరాదు. ఒక్క రంగు మార్పుతోనే వెల సుమారు సగమునకు పడిపోవుననుట వర్తకుల వాడుక. పాడైన భాగమును మార్చక తప్పనిచో, తీసిన బిరడను, మరను, చివరకు మేకునైనను పారవేయక ఒక డబ్బాలో గిటారుతోబాటు భద్రపరచవలెను.