పింఛను: ఏ వయసులో ఏమి చూసుకోవాలి?



నేను బడిలో పాఠాలు చెప్పే మనిషిని. తెలుగు మాత్రం పెద్దయిన తరువాత మన ఆదివారపు తరగతులలో నేర్చుకున్నాను. భాషలో పొరపాట్లుంటే మన్నించండి. తరగతి ముగియగానే పెద్దవాళ్లు నన్ను అడిగేది వ్యాకరణం గురించి కాదు, పింఛను గురించి. వారికి చెప్పిన సంగతులే ఇక్కడ వరుసగా వ్రాస్తున్నాను.

మన పూర్వులు నేటాల్ చెరకు తోటలకు ఐదేళ్ల ఒప్పందం మీద వచ్చారు. ముసలితనంలో వారికి బిడ్డలే దిక్కు. 1928లో ఈ దేశంలో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది గాని, అందులో భారతీయులకూ ఆఫ్రికన్లకూ చోటు లేదు. 1944లో చోటు దొరికింది. కాని ఇచ్చే సొమ్ము తెల్లవారికంటె తక్కువ. అందరికీ సమానమైనది 1993లో. ఇంత ఆలస్యంగా వచ్చిన హక్కును తెలియక పోగొట్టుకోకూడదు.

పింఛను రెండు విధాలు. ఒకటి ప్రభుత్వం ఇచ్చే వృద్ధుల గ్రాంటు. దీనికి మనం చందా కట్టనక్కరలేదు. ఆదాయమూ ఆస్తీ ఒక హద్దు లోపల ఉండాలి. రెండవది పనిచేసే చోట జీతం నుండి మనమూ, యజమానీ కట్టే ఫండు.

మొదటి ఉద్యోగంలో: జీతం చీటీలో ఫండుకు ఎంత పోతున్నదో చూడండి. 2024 సెప్టెంబరు 1 నుండి ఎక్కువమందికి "రెండు కుండల" పద్ధతి వచ్చింది. కొత్తగా కట్టే సొమ్ములో మూడవ వంతు పొదుపు కుండలోకి, రెండు వంతులు విరమణ కుండలోకి పోతాయి. పొదుపు కుండ నుండి పన్ను సంవత్సరానికి ఒకసారి, కనీసం 2,000 రాండ్లు తీసుకోవచ్చు. కాని అది జీతంతో కలిపి పన్నుకు వస్తుంది. 26 శాతం తరగతిలో ఉన్నవాడు 20,000 తీస్తే 5,200 పన్నుకే పోతుంది. మరొక లెక్క చూడండి. ధరల పెరుగుదల పోను ఏడాదికి 4 శాతం పెరిగిందనుకుంటే, పాతికేళ్ల వయసులో ముట్టుకోని 10,000 అరవై ఏళ్లకు దాదాపు 39,000 అవుతుంది. మా అవ్వ చిక్కుడు గింజలు కూరకు వేరుగా, విత్తనానికి వేరుగా దాచేది. ఎంత కరువైనా విత్తనం జోలికి పోయేది కాదు.

ఉద్యోగం మారినప్పుడు: మనవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. మా నాయన ఒక బట్టల ఫ్యాక్టరీలో 22 ఏళ్లు పనిచేశారు. అది మూతపడినప్పుడు ఫండు సొమ్మంతా చేతికి వచ్చింది. అక్క పెళ్లి అయింది, ఇంటికి కొత్త కప్పు పడింది, మిగిలినది రెండేళ్లలో కరిగిపోయింది. అప్పట్లో మగవారికి గ్రాంటు 65 ఏళ్లకు గాని రాదు. అంతవరకు ఆయన ఇతరుల తోటలలో కూలికి పోయారు. ఆయన తప్పు చేశారని నేననను. వేరే దారి ఉన్నదని ఆయనకు చెప్పినవారు లేరు.

ఆ దారి ఇది. పాత సొమ్మును కొత్త యజమాని ఫండుకో, దాచి ఉంచే ప్రిజర్వేషన్ ఫండుకో నేరుగా మార్పించుకోవచ్చు. అలా మారిస్తే అప్పుడు పన్ను ఉండదు. కొత్త చట్టంలో విరమణ కుండను ఉద్యోగం మారినా తెరవనివ్వరు. 2024కు ముందరి సొమ్మును మాత్రం ఇంకా నగదుగా తీయవచ్చు. జాగ్రత్త పడవలసింది దాని దగ్గరే.

యాభై దాటినవారు: ఏటా వచ్చే ఫండు వివరాల కాగితం తీసి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ సరిచూసుకోండి. పాత ఉద్యోగాల సొమ్ము ఎవరూ అడగక పడి ఉండవచ్చు. ఆర్థిక రంగ నియంత్రణ సంస్థ ఎఫ్.ఎస్.సి.ఎ. వద్ద దానిని ఉచితంగా వెదకవచ్చు. దళారులకు డబ్బు ఇవ్వకండి.

అరవై ఏళ్లకు: 2010 నుండి ఆడవారికీ మగవారికీ గ్రాంటు వయసు 60. గుర్తింపు పత్రంతో సాసా కార్యాలయానికి వెళ్లండి. దరఖాస్తుకు రుసుము లేదు. సొమ్ము లెక్క కట్టేది దరఖాస్తు చేసిన రోజు నుండి, పుట్టినరోజు నుండి కాదు. సిగ్గుపడి ఒక ఏడాది ఊరుకుంటే ఆ ఏడాది పోయినట్లే. మీరుండే ఇంటిని ఆస్తిలో లెక్కించరు; భార్యాభర్తలైతే ఇద్దరి ఆదాయమూ చూస్తారు. చిన్న ఫండు పింఛను వస్తున్నా, ఆదాయం హద్దు లోపల ఉంటే అడగవచ్చు. 2025 ఏప్రిల్‌లో గ్రాంటు నెలకు 2,310 రాండ్లు. 75 దాటినవారికి మరో 20. ఇది అన్నానికి వస్తుంది గాని అద్దెకు కూడా చాలదు. అందుకే ఫండును కాపాడుకోమంటున్నాను.

చివరి మాట. ఎవరికి చెందాలో వ్రాసే ఫారాన్ని పెళ్లి, బిడ్డలు, మరణం సంభవించినప్పుడల్లా సరిచేయండి. సాధారణ కంపెనీ ఫండులలో మనం పోయిన తరువాత సొమ్ము పంచేది ట్రస్టీలు. మనం వ్రాసిన పేరును వారు చూస్తారు గాని, దానికే కట్టుబడరు. మన మీద ఆధారపడిన వారందరినీ విచారిస్తారు. కాగితాలు సరిగా ఉంటే ఇంటివారికి తిరుగుడు తగ్గుతుంది.

ఈ వారం మీ ఫండు కాగితాన్ని పెట్టెలో నుండి తీసి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. అర్థం కాకపోతే ఆదివారం తరగతికి తీసుకురండి, కలిసి చదువుదాం.

ఇట్లు,
మీ తరగతిలోని ఒక బడిపంతులు