అడవికి ఎరువు వేస్తే

ఉత్తర స్వీడన్‌లో పైన్, స్ప్రూస్ చెట్ల కింద నేలను కాస్త పెకలిస్తే, రాలిన సూదుల్లాంటి ఆకులూ నాచూ సగం కుళ్లి అట్టకట్టిన నల్లటి పొర బయటపడుతుంది. అందులో నత్రజనికి కొదవలేదు. కానీ ఆ చలిలో సూక్ష్మజీవుల పని నత్తనడకన సాగుతుంది కాబట్టి, అది చెట్టు పీల్చుకునే రూపంలోకి రావడానికి ఏళ్లు పడుతుంది. వేళ్ల చుట్టూ తిండి ఉన్నా చెట్టుకు ఆకలి తీరదు.

ఈ ఆకలి ఎంతటిదో ఆ ప్రాంతంలోనే ఉన్న ఫ్లకాలిడెన్‌లో తేలింది. అక్కడ 1963లో నాటిన స్ప్రూస్ తోటలో పరిశోధకుడు సూనె లిండర్ బృందం 1987లో ప్రయోగం మొదలుపెట్టింది. కొన్ని మళ్లకు నీళ్లే, కొన్నింటికి ఎరువే, కొన్నింటికి రెండూ ఇచ్చారు. ఆకులు కోసి పరీక్షించి, వాటిలో ఏ పోషకం ఎంత ఉందో చూసుకుంటూ మోతాదు నిర్ణయించారు. నీళ్లవల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఎరువు పడిన మళ్లలో మాత్రం కలప కొన్ని రెట్లు ఎక్కువ పెరిగింది.

మరి ఎంత వేయాలి? వరికైతే ఒక్క పంటకే కొంత తెలిసిపోతుంది. అడవి అంత తొందరగా చెప్పదు. మరో పరిశోధకుడు కార్ల్ ఊలోఫ్ టామ్ 1971లో ఉత్తర స్వీడన్‌లోనే నోర్లిడెన్‌లోని పైన్ చెట్లకు ఏటా నత్రజని వేయించడం మొదలుపెట్టారు. మూడు మోతాదులు: హెక్టారుకు ఏడాదికి సగటున 34, 68, 108 కిలోలు. మొదట్లో అన్ని మళ్లూ ఏపుగా పెరిగాయి. అప్పుడే ప్రయోగం ముగించి ఉంటే ఎక్కువ మోతాదే మేలని రాసేసేవారు. 30 ఏళ్ల లెక్క మరోలా వచ్చింది. అతి తక్కువ ఎరువు వేసిన చోట, ఏమీ వేయని మడి కంటే హెక్టారుకు దాదాపు 100 ఘనపు మీటర్ల కలప అదనంగా దక్కింది. మధ్య మోతాదుకు 50. అత్యధిక మోతాదుకు అదనంగా వచ్చింది సున్నా!

ఎందుకిలా? మిగిలిన నత్రజని నైట్రేటుగా మారి, కాల్షియం, మెగ్నీషియంలను వెంటబెట్టుకుని లోపలికి ఇంకిపోయింది. నేల ఆమ్లపూరితమైంది.

ఇంకో దెబ్బ వేళ్లకు అల్లుకున్న శిలీంధ్రాలకు తగిలింది. చెట్టు వాటికి చక్కెరలిస్తుంది, అవి చెట్టుకు పోషకాలు తెచ్చిస్తాయి. ఈ బేరం ఎంత పెద్దదో పీటర్ హోగ్బెర్గ్ బృందం 2001లో ప్రచురించిన ప్రయోగం చూపింది. పైన్ కాండాల చుట్టూ బెరడు వలిచి చక్కెర కిందికి దిగకుండా చేస్తే, వేళ్లు, శిలీంధ్రాల శ్వాసతో సహా నేలనుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ నెలా రెండు నెలల్లో సగానికి సగం పడిపోయింది. ఎరువు సమృద్ధిగా దొరికిన చెట్టు కూడా కిందికి పంపే చక్కెరను తగ్గించుకుంటుంది.

స్వీడన్ అటవీ సంస్థలు ఏటా ఎరువు వేయవు. చెట్లు నరకడానికి పదేళ్ల ముందు సాధారణంగా ఒక్కసారి, హెక్టారుకు 150 కిలోల నత్రజని వేస్తాయి. అయినా కలప లెక్కతోనే దీన్ని తూచడం సరికాదు. నత్రజని పెరిగితే రెయిన్‌డీర్లు చలికాలంలో మేసే లైకెన్లు తగ్గుతాయి, బిల్‌బెర్రీ పొదల చోటును గడ్డి ఆక్రమిస్తుంది.

నోర్లిడెన్‌లో అత్యధిక మోతాదును 1990లో ఆపేశారు. ఒకటిన్నర దశాబ్దం గడిచేసరికి వేరు శిలీంధ్రాలు మళ్లీ అల్లుకున్నాయి. అడుగునున్న మొక్కలకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఎరువు ఆపి 47 ఏళ్లయిన మరో స్వీడిష్ అడవిలో నాచులు అప్పటికీ మునుపటి స్థితికి రాలేదు.